ఎడమ కంట్లో లేనివాళ్ళు

పాలు పొంగకుండా కాపలా కాస్తున్న వేళ ఆమె మొగుడు మాయమైపోయాడు.

మొత్తంగా కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి తన నీలం చొక్కా ఎక్కడ పెట్టావని అడుగుతూనే ఉన్నాడు. ఉల్లిపాయ ఘాటుకు ఆమె కుడి కన్ను మండింది. మోచేత్తో దాన్ని నొక్కుకుంటూ ఎడమ కంటితో అతనివైపు తిరిగింది. గుమ్మం ఉంది, గుమ్మానికి ఆనించిన చెయ్యి ఉంది, కింద చెప్పుల్లేని పాదాలున్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తుడిచిన పలక మీద మిగిలే మరకలాంటి బూడిదరంగు. ఆ బూడిదరంగులోంచి గొంతు వస్తోంది, చొక్కా గురించే. మోచెయ్యి తీసి రెండు కళ్ళతో చూస్తే మనిషి మళ్ళీ పూర్తిగా ఉన్నాడు, మీసంతో సహా, విసుగుతో సహా. ఈలోగా పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. అంత పరధ్యానం ఏమిటని గొణుక్కుంటూ అతను చొక్కా వెతుక్కోవడానికి వెళ్ళాడు, కాసేపటికే ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఆమె చెయ్యి పడకుండా దొరకదు.

ఆమె ఈ సంగతి ఎవరి చెవినా వెయ్యలేదు. వేస్తే ఏమని వెయ్యాలి? కట్టుకున్నవాడి ముఖం కనిపించడం లేదంటే ఎవరైనా నవ్వుతారు, లేదా మందలిస్తారు. తనే గుట్టుగా కనిపెట్టుకుంటూ వచ్చింది. పొద్దున్నే ఇల్లు చల్లగా ఉన్నప్పుడు అందరూ ఉంటారు. నలుగురికీ వంట చేసి, పొయ్యి సెగకు ఒళ్ళు కాగిపోయాక, కుడి కన్ను మూస్తే ఎవరిని చూస్తే వాళ్ళ ముఖం పోతుంది. అత్తగారు పోతుంది, పిల్ల పోతుంది, గోడ మీది గడియారంలో ముళ్ళు పోతాయి. చన్నీళ్ళు ముఖాన కొట్టుకుని ఫ్యాను కింద కాసేపు నిలబడితే ఒక్కొక్కరే తిరిగొస్తారు. కానీ ఫ్యాను కింద నిలబడ్డ కోడలు ఇంట్లో అన్నిటికంటే ముందు కంటబడుతుంది, అందుకని ఆ వైద్యం ఆమెకు ఎక్కువసేపు సాగేది కాదు.

దీనికి ముందే ఒక తప్పు జరిగింది. ఆమె పని గులాబీల ప్యాకింగ్ షెడ్డులో. తోటలనుంచి బకెట్లలో వచ్చే పూలను రంగు చూసి, మొగ్గ ఎంత విచ్చుకుందో చూసి, కట్టలు కట్టి చలిగదిలోకి పంపాలి. ఎక్కువ విచ్చుకున్నది దారిలోనే రాలిపోతుంది, తక్కువ విచ్చుకున్నది మొగ్గగానే వాడిపోతుంది. ఆమెకు ఒక్క చూపు చాలు. అందుకే షెడ్డులో ఆమెను రంగులమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ పట్టలేదు. కాడ వంకర ఉందో లేదో తేల్చుకోవడానికి రంగులమ్మ కుడి కన్ను మూసి, సూదిలోకి దారం ఎక్కించేదానిలా పువ్వును ఎడమ కంటి ముందు పట్టుకుంటుంది. చేరిన కొత్తలో పెద్దామె ఒకతి నేర్పిన పద్ధతి అది, మానమన్నా మానలేదు. ఆ పద్ధతిలోనే ఒక వేసవి మధ్యాహ్నం మేలురకం ఎర్రగులాబీలను బకెట్లకు బకెట్లు చెత్తలో పోయించింది. అవి పాత ఇటుకరంగులోకి తిరిగాయని ఆమెకు స్పష్టంగా కనబడింది. సూపర్‌వైజరు పరుగున వచ్చి, చెత్తలోంచి ఒక పువ్వు తీసి, కళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చావా అని అందరిముందూ అడిగాడు. ఆమె కుడి కన్ను తెరిచింది. పువ్వు నెత్తురులా ఎర్రగా ఉంది. మూసింది. ఇటుక. ఒక పువ్వే రెండు కళ్ళకు రెండు పూలుగా ఉంటే ఏది నిజమని చెప్పాలి?

శిక్షగా ఆమెను చలిగదిలో కట్టలు పేర్చే పనికి వేశారు. ఎవరూ ఇష్టపడి చెయ్యని పని అది. దళసరి కోటు, చేతులకు ఉన్ని తొడుగులు, నోరు తెరిస్తే పొగ. అయితే ఆ గదిలో అడుగుపెట్టిన కాసేపటికే ఆమెకు ఒంట్లో ఎవరో దీపాలు వెలిగించినట్టయింది. ఎడమ కంట్లో ఎరుపు ఎరుపుగా వచ్చింది. మెట్లెక్కితే బరువుగా ఈడ్చుకొచ్చే కాలు చెప్పినమాట విన్నది. కసితీరా పంపించిన చోటే ఆమెకు హాయి దొరికింది. ఈ మాట సూపర్‌వైజరుకు తెలిస్తే మళ్ళీ ఎక్కడ బయటికి లాగుతాడోనని, అతను అద్దంలోంచి తొంగిచూసినప్పుడల్లా వణుకుతున్నట్టు నటించేది.

చలిగది ఇచ్చిన సుఖాన్ని వంటిల్లు పూట తిరక్కుండా లాక్కునేది. ఒకరోజు ఆమె గిన్నెలు తోముతుంటే వెనకనుంచి రెండు చేతులు పక్కటెముకల చుట్టూ పడ్డాయి. గట్టిగా, ఆప్యాయంగా. మొగుడు అలా పట్టుకుని ఏళ్ళయింది. ఆమె మనసు ఒక్కసారి ఎక్కడికో వెళ్ళిపోయింది. వెంటనే తిరగలేదు, తిరిగితే వదిలేస్తాడని. “పిల్ల చూస్తుంది,” అంది మెల్లగా, నవ్వుతూ. జవాబు రాలేదు. పట్టు ఇంకాస్త బిగిసింది. ఊపిరి అందక తిరిగి చూస్తే వంటింట్లో ఎవరూ లేరు. గుమ్మం దాకా ఖాళీ. చేతులు మాత్రం ఇంకా ఆమె చుట్టూ ఉన్నాయి, బిగుసుకుంటూనే ఉన్నాయి. పక్కగదిలో మొగుడు ఫోనులో ఎవరితోనో లిఫ్టు మోటారు గురించి మాట్లాడుతున్నాడు. ఆమెకు భయం వేసింది. భయంకంటే ముందు సిగ్గు వేసింది, ఆ నవ్వు ఎవరి కోసం నవ్విందో తలుచుకుని.

ఆ తర్వాత తల వంతు వచ్చింది. ఆ ఇంట్లో కోపం ఎవరిదైనా తల వంచేది ఆమే. అత్తగారు ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టి పెంపకం దాకా వచ్చేసరికి, అలవాటుగా తల వంచింది. మెడలోంచి కరెంటు లేచి, వెన్ను వెంబడి జారి, మడమల్లోకి దిగి పోయింది. చేతిలో పళ్ళెం జారి పడింది. “చెప్తే చాలు, చేతిలోవి విసిరికొట్టడం నేర్చుకుందిరా,” అంది అత్తగారు, ఎదురుగా కూర్చున్న కొడుకుతో. ఆమె పళ్ళెం తీద్దామని వంగింది. మళ్ళీ అదే కరెంటు. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు తల వంచిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు వంచిన ప్రతిసారీ తెలుస్తోంది.

చివరికి షెడ్డు మెట్లమీద పడింది. తాగి వచ్చిందేమో చూడమని సూపర్‌వైజరు షెడ్డు నర్సును పిలిచాడు. ఆ నర్సు ఆమె నోటి వాసన చూడలేదు, కంట్లోకి లైటు వేసి చూసింది. అక్కడినుంచి కంటి డాక్టరు, కంటి డాక్టరు దగ్గరనుంచి నరాల డాక్టరు. తలకు, మెడకు స్కానింగులు తీశారు, వెన్నులోంచి నీరు తీశారు. వాపు తగ్గడానికి వరసగా స్టెరాయిడ్లు ఎక్కించారు. ఫలితాలు చెప్పే రోజు ఇంట్లోవాళ్ళెవరైనా రావాలంటే మొగుడు సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు, పెట్టినట్టు దారంతా చెబుతూ.

నరాల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది, మల్టిపుల్ స్క్లెరోసిస్. నరం మీద ఒక తొడుగు ఉంటుందని, అది అక్కడక్కడా ఊడిపోయిందని, అందుకే సమాచారం సరిగ్గా వెళ్ళడం లేదని, ఒళ్ళు వేడెక్కితే అసలే వెళ్ళదని స్కాను మీద తెల్లమచ్చలు చూపించింది. మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఆ మాట విని అతని ముఖం విప్పారింది. “అంటే వైరుకు ఇన్సులేషను పోయిందన్నమాట. ఇది నాకు చెప్పాలా డాక్టరుగారూ, రోజూ చూసేదేగా,” అన్నాడు. మరి ఎవరు ఊడగొట్టారన్నదే అతనికి అంతుపట్టలేదు. వాళ్ళ లిఫ్టుల్లో అయితే ఎలకలు.

“ఒంట్లో కాపలావాళ్ళుంటారు,” అంది డాక్టరమ్మ, అతనితో కాదు, ఆమెతో. “బయటినుంచి ఏ క్రిమి వచ్చినా పట్టి చంపడం వాళ్ళ పని. ఎప్పుడో మీ ఒంట్లోకి ఒక వైరసు వచ్చి ఉంటుంది. దాని పోలికా మీ నరాల తొడుగు పోలికా కాస్త దగ్గరగా ఉండి ఉంటాయి. ఆ పోలిక పట్టుకుని ఇప్పుడు ఇంటిమనిషినే దొంగ అనుకుని కొడుతున్నారు. సరిగ్గా ఇలాగే జరిగిందని ఒట్టేసి చెప్పలేను. ఇప్పటికి తెలిసినంతలో ఇది.”

మామూలుగా మెదడుకు వేరే గోడ ఉంటుందట, కాపలావాళ్ళకు లోపలికి సులభంగా దారి ఉండదట. ఈమెకు ఆ గోడ దాటి వెళ్ళారు. మందు ఉంది. కొట్టేవాళ్ళు ఒక రకమైతే, అదిగో దొంగ అని చూపించి వాళ్ళను ఎగదోసేవాళ్ళు ఇంకో రకం. మందు ఈ ఎగదోసేవాళ్ళను ఖాళీ చేస్తుంది. ఆమెకు ఎందుకో ఆదివారం ఆదివారం తల్లికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడే ఆడపడుచు గుర్తొచ్చింది, నవ్వు ఆపుకుంది. ఆరు నెలలకోసారి నరంలోకి ఎక్కించాలి. ఊడిపోయిన తొడుగును మందు తిరిగి తేలేదు, కొత్తగా ఊడకుండా చాలావరకు ఆపుతుంది. మందు పడ్డాక జలుబులూ జ్వరాలూ తొందరగా అంటుకుంటాయి, అందుకని ముందే టీకాలు వేయించుకోవాలి, దాక్కున్న జబ్బులేమైనా ఉన్నాయేమో రక్తం పరీక్ష చెయ్యాలి. కడుపుతో మాత్రం ఉండకూడదు.

ఆలస్యమైతే ఏమవుతుందని ఆమే అడిగింది. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరంది డాక్టరమ్మ. రెండో కన్ను కావచ్చు, కాళ్ళు కావచ్చు, కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. ఆమె ఆ వంటింటి కౌగిలి సంగతి కూడా చెప్పింది, మొగుడు పక్కనే ఉన్నాడు గనక తల పక్కకు తిప్పుకుని. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. చాలామందికి అలా ఉంటుందని, పక్కటెముకల చుట్టూ నరాలు తప్పుడు కబురు పంపుతాయని, వైద్యంలో దాన్ని కౌగిలి అనే పిలుస్తారని చెప్పింది. మొగుడు అప్పుడు గొంతు సవరించుకుని, తమకు ఒక్కతే పిల్ల అని, రెండోదానికి అనుకుంటున్నామని, ఈ మందు వల్ల అది వెనకబడుతుందా అని అడిగాడు. అనుకుంటున్నది ఎవరో ఆమెకు తెలియదు.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు చాలామందిలో చల్లబడుతుంది. లోపలి బిడ్డను పరాయి అని తరిమెయ్యకుండా ఒళ్ళే కాపలావాళ్ళను శాంతింపజేస్తుంది. కానీ కాన్పయ్యాక మొదటి నెలల్లో వాళ్ళు కసిగా తిరిగొస్తారు. అందుకే ముందు మందు, జబ్బు అదుపులోకి వచ్చాక బిడ్డ, అదీ ఆమెకు కావాలంటే. మొగుడు శ్రద్ధగా తలూపాడు. ఎక్కడిదాకా విన్నాడో ఆమెకు ఇంటికెళ్ళాక తెలిసింది.

“కడుపులో బిడ్డ ఉంటే ఈ జబ్బు చల్లారిపోతుందటమ్మా,” అన్నాడు తల్లితో, అన్నం కలుపుకుంటూ. ఏదో పోయిన వస్తువు దొరికిన మనిషి గొంతు. అత్తగారు చెయ్యి ఆపింది. అయితే మందు మన ఇంట్లోనే ఉన్నదన్నమాట, ఆస్పత్రుల చుట్టూ తిరగడం ఎందుకంది. కాన్పయ్యాక రెట్టింపు వస్తుందని కూడా చెప్పారని ఆమె నిలబడే అంది. పుట్టాక సంగతి పుట్టాక చూసుకుందామన్నాడతను. చూసుకుందాం అనే మాటలో ఎవరు చూసుకుంటారో ఎప్పుడూ ఉండదు. ఆదివారం ఆడపడుచు ఫోన్లోంచి శుభం పలికింది.

ఆమె గిన్నెల దగ్గర నిలబడి వెనకటి రోజుల్లోకి వెళ్ళింది. పిల్ల పుట్టిన రెండో నెలలో ఎడమ కాలు కొయ్యబారింది. గోడ పట్టుకుని ఉయ్యాల దాకా పాకినట్టు నడిచేది. చూడటానికి వచ్చినవాళ్ళతో అత్తగారు, బాలింతకు ఆమాత్రం తిమ్మిర్లుంటాయి, మేం కనలేదా, పనికి వంకలు కానీ అని నవ్వేది. కొన్ని వారాలకు దానంతటదే పోయింది. ఇల్లు మర్చిపోయింది, ఆమె కూడా మర్చిపోయింది. కాలు మర్చిపోలేదు. అంటే అప్పుడే కాపలావాళ్ళు ఒకసారి వచ్చి వెళ్ళారు. కడుపుతో ఉన్న నెలల్లో మాత్రం నిజంగానే హాయిగా ఉంది. ఒళ్ళూ కొట్టలేదు, ఇల్లూ కొట్టలేదు. ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోమన్నది ఇదే అత్తగారు. లోపల ఇంకొకరు ఉంటేనే ఆమె ఇంటిమనిషి, ఒక్కతీ ఉంటే దొంగ. ఈ ఒంటికీ ఈ ఇంటికీ ఎవరు నేర్పారో ఒకే పాఠం నేర్పారనిపించింది ఆమెకు.

నాలుగో తరగతి చదివే పిల్లకు ఇదంతా ఆటగా ఉండేది. తల్లి పొయ్యి దగ్గరనుంచి రాగానే ఎదురుగా నిలబడి, తన అరచేత్తో తల్లి కుడి కన్ను మూసేది. “నేను పోయానా?” అని అడిగేది. “పోయావు.” “ఇప్పుడు?” అంటూ పక్కకు జరిగేది. “కొంచెం వచ్చావు. చెవి వచ్చింది.” పిల్ల కిలకిల నవ్వేది. ఒకరోజు నవ్వడం ఆపి, అమ్మా నీకు నువ్వైనా కనిపిస్తావా అని అడిగింది. ఆమె అప్పటిదాకా చూసుకోలేదు. చేతులు కడుక్కునే చోట అద్దం ముందుకు వెళ్ళి కుడి కన్ను తనే మూసుకుంది. భుజాలున్నాయి. జుట్టు ఉంది. మెడ ఉంది. మెడ పైన బూడిద. ఎంత తేరిపార చూస్తే అంత చిక్కబడే బూడిద. అంతలో ముందుగదిలోంచి అత్తగారు “అమ్మాయ్” అని పిలిచింది. “వస్తున్నా అత్తయ్యా” అని జవాబు వెళ్ళింది. అద్దంలో ముఖం లేని మనిషి తిరిగి, గరిటె తీసుకుని, పిలిచిన వైపు నడవబోయింది. ఇన్నాళ్ళూ ఆ పిలుపులకు పలుకుతున్నది ఎవరో ఆమె మొదటిసారి చూసింది.

మొగుడు ఒకరోజు చెప్పకుండా షెడ్డుకు వచ్చాడు. ఆ పక్క వీధిలోనే లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చాడట. చలిగది అద్దం అవతల నిలబడి చాలాసేపు చూశాడు. లోపల ఆమె చకచకా తిరుగుతోంది, నిచ్చెన ఎక్కుతోంది, దిగుతోంది, పక్కామెతో ఏదో అని నవ్వుతోంది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో గోడ పట్టుకుని కూరగిన్నె తెస్తుంటే, చేతులు కట్టుకుని అడిగాడు.

“బయట లేడిపిల్లలా ఉన్నావు. ఇంట్లోకి రాగానే వస్తుందా జబ్బు?”

“అవును,” అంది ఆమె.

అంతకంటే నిజమైన మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. అతను దాన్ని ఎదురు మాట అనుకున్నాడు. మూడు రోజులు మాట్లాడటం మానేశాడు. ఆ మూడు రోజులూ ఆమెకు తీరిక దొరికినట్టుగానే ఉంది. మాటలు మొదలైన రోజున మిగతావీ మొదలయ్యాయి. వద్దని చెప్పింది. చెప్పిన రాత్రులు కొన్ని, చెప్పి చెప్పి ఓపిక చచ్చిన రాత్రులు కొన్ని. ఆ రాత్రుల గురించి ఆమె తనతో కూడా మాట్లాడుకోలేదు. టీకాలు మాత్రం పనికి వెళ్తూ దారిలో వేయించుకుంది. మందు ఎక్కించే తేదీ మీద గోడ క్యాలెండరులో చిన్న చుక్క పెట్టుకుంది.

తేదీకి ఇంకా రోజులుండగా జబ్బు నిశ్శబ్దమైపోయింది.

ముందు కౌగిలి రావడం మానేసింది. తర్వాత తల వంచితే కరెంటు లేదు. పొయ్యి దగ్గర నిలబడి కుడి కన్ను మూసుకుంటే మొగుడి ముఖం కాస్త మసగ్గా, అయినా ఉంది. కాలు తేలికైంది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అత్తగారు ఆమెను ఎగాదిగా చూసి, ఏమ్మా, ఏమైనా విశేషమా అని అడిగింది. ఆమె వేళ్ళు లెక్కపెట్టుకుంది. నెల తప్పింది. స్టెరాయిడ్ల వల్ల అటూ ఇటూ అవుతుందని డాక్టరమ్మ ముందే అన్నది, ఆ మాటనే గట్టిగా పట్టుకుంది. కానీ ఒళ్ళు బాగున్న కొద్దీ ఆమెకు దిగులు పెరిగింది. మెట్లు ఆయాసం లేకుండా ఎక్కి, ఎక్కాక గోడకు ఆనుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ జబ్బు వస్తే భయపడింది, ఇప్పుడు రాకపోతే భయపడుతోంది. వీళ్ళు ఎందుకు ఊరుకున్నారు? లోపల ఎవరిని చూసి ఊరుకున్నారు? పడుకున్నప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని, అక్కడెవరైనా ఉన్నారా అని వినేది. ఉంటే పాపం ఆ ప్రాణం తప్పేమీ లేదు. అందుకే ఇంకా భయం. అత్తగారు వేడి పాలగ్లాసు తెచ్చి చేతికిచ్చింది, ఫ్యాను కోడలివైపు తిప్పింది. ఆ పాలు తాగుతుంటే ఎవరి పాలో తాగుతున్నట్టనిపించింది.

చలిగదిలో ఉండగా ఫోన్ వచ్చింది. ఆస్పత్రినుంచి, మందు ఎక్కించే వార్డు నర్సు.

“మీ తేదీ ఇంకొకరికి ఇచ్చే ముందు ఒకసారి అడుగుదామని చేశానమ్మా. మీవారు పొద్దున ఫోన్ చేసి రద్దు చెయ్యమన్నారు. శుభవార్త ఉందన్నారు. నిజమేనా?”

ఆమె చుట్టూ ఎర్రగులాబీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. రెండు కళ్ళకూ ఎర్రగానే కనిపిస్తున్నాయి. కోపం రావాల్సిన చోట మొదట నవ్వొచ్చింది, శుభవార్త తనకంటే ముందు ఆస్పత్రికి చేరినందుకు. నవ్వు పోయాక కాళ్ళలోంచి కోపం వచ్చింది, నిలబడగలిగిన కాళ్ళలోంచి. తను ఉండగానే తన తేదీని ఇంకొకరు చెరిపేశారు, ఏ వేడీ లేకుండా, ఏ జబ్బూ లేకుండా, రెండు కళ్ళూ తెరుచుకుని.

“నాకు తెలియదండీ,” అంది. “పరీక్ష చేయించుకుంటాను. తేదీ ఎవరికీ ఇవ్వకండి. ఇకమీద ఏమున్నా నన్నే అడగండి.”

మర్నాడు షెడ్డుకు సెలవు పెట్టి ఆస్పత్రిలో రక్తం ఇచ్చింది. ఫలితం కోసం కూర్చున్న బల్ల ఎదురుగా పెద్ద కిటికీ ఉంది. బయట వాన. అప్పుడు చూసింది ఆమె వానను. ఎన్నాళ్ళనుంచి పడుతోంది? వారమా, పది రోజులా? వీధులన్నీ చల్లబడిపోయాయి, వంటింట్లోకి కిటికీలోంచి జల్లు కొడుతోంది, ఇల్లంతా చలిగదిలా ఉంది. భయంలో పడి ఋతువు మారిన సంగతి కూడా ఆమెకు పట్టలేదు. పరీక్షలో ఏమీ లేదని చెప్పారు. పొరపాటేమీ లేదు కదా అని రెండుసార్లు అడిగింది. లేదన్నారు. లోపల ఎవరూ లేరు, ఆమె తప్ప. బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది, అది సంతోషమేనని ఆమెకు తెలుసు, దాన్ని ఎవరి దగ్గరా దాచుకోవాల్సిన పని లేకుండా ఏడ్చింది. కాపలావాళ్ళు ఎవరినో చూసి శాంతించలేదు. వాన పడింది, అంతే. ఎండ రాగానే మళ్ళీ వస్తారు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పలేదు. విశేషమేమైనా ఉందా అని అత్తగారు అడిగితే, ఉంది అత్తయ్యా, బుధవారం మందు ఎక్కించుకుంటున్నాను, పిల్లను బడినుంచి మీరు తీసుకురావాలి అంది. తల వంచకుండా చెప్పింది. వంచితే కరెంటు కొట్టదని ఆ వారం ఆమెకు తెలుసు, అయినా వంచలేదు. అత్తగారు తన మాటలు కొడుకు వచ్చేదాకా దాచుకుంది. అతను ఇంటికి రాగానే అన్నీ బయటికి తీసింది. రద్దు చేశాను కదా అన్నాడతను, తలుపు వేసిన తర్వాత లోపలికి వచ్చిన మనిషిని చూసినట్టు. నా తేదీ ఉంచమన్నాను అంది. అతను నీ ఇష్టం అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకు వద్దు అని అర్థం, అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఆ రాత్రి దాన్ని మాటకు మాటగానే తీసుకుంది.

బుధవారం ఒక్కతే వెళ్ళింది. వార్డులో పొడవాటి కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కన ఒక కడ్డీ, తలుపుకు నిలువెత్తు అద్దం. ముందు జ్వరం మాత్ర, దురద రాకుండా ఒక ఇంజెక్షను, స్టెరాయిడు. తర్వాత ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచిన మందు సంచి కడ్డీకి తగిలించారు. మొదటిసారి కనుక బాగా మెల్లగా ఎక్కిస్తామని, గొంతు దురదగా ఉన్నా ఒళ్ళు వేడెక్కినా చెప్పమని అన్నది నర్సు, ఫోన్ చేసిన ఆమే. చుక్క చుక్కా దిగుతోంది. మోచేతి దగ్గర నరం చల్లబడింది. ఎక్కడో లోపల, అదిగో దొంగ అని వేలు చూపించేవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడటం మానేస్తున్నారని ఊహించుకుంది. అంత తొందరగా జరగదని తెలుసు. అయినా ఊహించుకుంది.

మధ్యాహ్నానికి ముఖమంతా వేడెక్కింది. స్టెరాయిడు వల్ల అలా ఉంటుంది, భయం లేదని నర్సు మందు వేగం తగ్గించింది. అద్దం తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. నర్సు వెళ్ళి మాట్లాడి వచ్చింది.

“బయట ఒకాయన ఉన్నారమ్మా. మీవాళ్ళేనంటున్నారు. లోపలికి పంపనా?”

ఆమె తలెత్తి అద్దంవైపు చూసింది. రెండు కళ్ళతో చూస్తే నీలం చొక్కా, చేతిలో గొడుగు, గొడుగునుంచి కారుతున్న నీళ్ళు. తీసుకుపోవడానికి వచ్చాడో, తోడు కూర్చోవడానికి వచ్చాడో ముఖంలో తెలియడం లేదు. కుడి కన్ను మూసింది. చొక్కా ఉంది, గొడుగు ఉంది. పైన బూడిద. కుడి కన్ను తెరిచింది. మీసం వచ్చింది. అతను అద్దం మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు.

“ఆగమనండి,” అంది ఆమె. “తొందరపడి మనవాళ్ళో పరాయివాళ్ళో తేల్చేస్తేనే కదా నాకింత పని జరిగింది. ఈసారి నిదానంగా చూసి చెప్తాను.”